పెరటి కబుర్లు: వైశాఖంలో ఒక ఆదివారం



పోయిన సంచికలో ఉగాది వేపపూత గురించి రాస్తే, ‘మీ పెరడు ఎంతమ్మా, ఎకరం ఉంటుందా?’ అని ఒక సోదరి ఉత్తరం రాశారు. ఎకరమెక్కడ తల్లీ! నిలువు నలభై అడుగులు, అడ్డం ఇరవై. అంటే రెండు సెంట్లకు కూడా కాస్త తక్కువే. పడమటి మూల మామిడిచెట్టు, తూర్పు గోడ వెంట గులాబీ మళ్ళు, మధ్యలో బట్టలుతికే బండ, బండ పక్కన మల్లెపొద, ఆ వెనక కరివేపాకు, ఒక నిమ్మచెట్టు. ఇంతే మా సామ్రాజ్యం. రాయడం మొదలుపెడితే పెద్దదైపోతుంది, అది నా తప్పు.

ఈసారి కూడా గొప్ప విషయాలేమీ లేవు. ఈమధ్య ఒక ఆదివారం ఆ పెరట్లో మేమెలా గడిపామో చెబుతాను. ఆ రోజు ఇంట్లో ఒక నిర్ణయం కూడా జరిగింది. అది చివర్లో చెబుతాను.

వైశాఖం వచ్చిందంటే వసంతం గడప దాటుతున్నట్టే. పొద్దున ఆరు దాకా చల్లగా ఉంటుంది, తొమ్మిదికల్లా ఎండ చురుక్కుమంటుంది. అంచేత ఈ రోజుల్లో పెరటి సుఖమంతా తెల్లవారుజామునే. ఐదున్నరకు వెనక తలుపు తీస్తే మల్లెల వాసన ముందు పలకరిస్తుంది, ఆ తర్వాతే కోయిల. ఇంట్లో ఎవరూ లేవకముందు కాఫీ గ్లాసు పట్టుకుని బండ మీద కూర్చోవడం నాకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఉడత రెండుసార్లు గోడ దిగి, రెండుసార్లు ఎక్కుతుంది. దానికేం పనో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

మా ఊరు తెలియని పాఠకులకు ఒక మాట చెప్పాలి. హోసూరు సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. యాభై కిలోమీటర్ల దూరంలోని కృష్ణగిరి ఇందులో సగానికి కాస్త పైమాట. శూలగిరి దాటి బస్సు కిందికి దిగుతుంటే చెవుల్లో గాలి మారుతుంది, కిటికీలోంచి వచ్చే వేడి కూడా మారుతుంది. ఇక్కడి చల్లదనానికి గులాబీలు, అక్కడి వేడికి మామిళ్ళు. హోసూరు చుట్టుపక్కల పాలిథీన్ పందిళ్ళ కింద పెంచే తాజ్‌మహల్ రకం ఎర్ర గులాబీలు ఫిబ్రవరిలో విమానమెక్కి పరాయి దేశాలకు పోతాయి. కృష్ణగిరి తోతాపురి కాయలేమో గుజ్జు ఫ్యాక్టరీల్లో చేరి, డబ్బాల్లో ఓడెక్కుతాయి. వేసవి చివర అక్కడ జరిగే అఖిల భారత మామిడి ప్రదర్శనకు వెళ్ళిన వారికి ఆ వైభవం తెలిసే ఉంటుంది.

నేను పుట్టింది కృష్ణగిరి పక్క పల్లెలో, మామిడితోట గట్టున. మెట్టింది హోసూరులో. మా వారు తెలుగు పంతులు, గులాబీల పిచ్చి. మా పెరట్లో ఈ రెండు ఊళ్ళూ ఎదురెదురుగా ఉండటానికి కారణం అదీ! 1989లో ఈ ఇంట్లో పాలు పొంగించినప్పుడు మా నాయన తోతాపురి అంటుమొక్క ఒకటి గోనెపట్టాలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నాలుగో ఏట పూత పూసింది, ఐదో ఏట కాపుకొచ్చింది. పైన ఉన్న ఊరు కదా, కృష్ణగిరిలో కోతలు మొదలైన రెండు వారాలకు గానీ మా కాయ ముదరదు. మా నాయన అది చూసి, ‘అత్తగారింటికి పోయినాక ఆడపిల్లైనా చెట్టైనా వాళ్ళ వేళకే నడుచుకోవాల’ అని నవ్వేవాడు.

ఇక ఆదివారం సంగతి. మా అబ్బాయి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వారమంతా వాడి షిఫ్టును బట్టే మా ఇంటి గడియారం నడుస్తుంది. ఆదివారం ఒక్కటే అందరం ఒకేసారి అన్నం తినే రోజు. పైగా వేసవి సెలవులు. తొమ్మిదేళ్ళ మనవరాలు, ఐదేళ్ళ మనవడు ఆరింటికల్లా లేచి వచ్చేశారు. బడి ఉన్న రోజుల్లో ఏడైనా లేవని పిల్లలు సుమా!

ముందు నీళ్ళ పని. వేసవిలో మాకు నీళ్ళకు కటకట. ట్యాంకరు నీళ్ళు కొని చెట్లకు పోస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు రోజూ ఒక బిందెలో పట్టి ఉంచుతాను. పుల్లటి మజ్జిగ మిగిలితే కరివేపాకు మొదట్లోకే. మొక్కల పాదుల్లో ఎండుటాకులు మూడు వేళ్ళ మందాన పరిస్తే తడి తొందరగా ఆరదు. నిమ్మచెట్టు పక్కన మా వారు ఎప్పుడో ఒక మట్టికుండను మెడ దాకా పాతిపెట్టారు. మెరుగు పెట్టని కుండే కావాలి. నిండా నీళ్ళు పోసి మూకుడు మూస్తే, మట్టి లోంచి నెమ్మదిగా ఊరి వేళ్ళకు అందుతాయి. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. ఊరికి వెళ్ళేటప్పుడు ఎవరినీ బతిమాలుకోనక్కర లేదు. 2003లో తమిళనాడులో ఇంటింటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు తవ్వించిన గుంట మామిడిచెట్టుకు నాలుగు గజాల దూరంలో ఉంది. అప్పుడు ఖర్చని గొణిగాం. ఎండలు ముదిరినా చెట్టు వాడకుండా ఉంటే ఆ గుంట పుణ్యమే అనుకుంటాను.

నీళ్ళయ్యాక గులాబీల దగ్గర కత్తెర పని. వాడిన పువ్వును తుంచి వదిలేస్తే లాభం లేదు. దాని కింద ఐదు రెక్కల ఆకు ఎక్కడుందో చూసుకుని, బయటివైపు తిరిగిన కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కత్తిరించాలి. కొత్త చిగురు అక్కణ్ణుంచి వస్తుంది. ఈ పాఠం మా వారు నాకు పాతిక సార్లు చెప్పి ఉంటారు. ఆయన ఉన్నంత కాలం నేను వినలేదు. ఆయన పోయి ఆరేళ్ళు. ఇప్పుడు నేను పిల్లలకు చెబుతున్నాను, వాళ్ళూ వినడం లేదు.

ఆయన ప్రతి మొక్కకూ ఒక రేకుముక్క కట్టి, దాని మీద తెల్లరంగుతో పేరు రాసేవారు. గుండుమల్లె, నిమ్మ, కరివేపాకు, పన్నీరు గులాబి, మామిడి. పంతులు గారి చేతిరాత, అచ్చులో పోసినట్టు ఉండేది. ఎండకూ వానకూ రంగు వెలిసిపోయింది. మా మనవరాలు ఒక రేకు పట్టుకుని, ‘అవ్వా, ఇదేమని రాసుండాది?’ అని అడిగింది.

పాపకు తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తప్పు పాపది కాదు. ఈ రాష్ట్రంలో 2006 చట్టం వచ్చాక, ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్వడం మంచిదే, నేనూ చదువుతాను, రాస్తాను. కానీ తమిళం, ఇంగ్లీషు అయ్యాక మూడో భాషకు బడిలో చోటు మిగలాలి కదా. పాప చదివే బడిలో తెలుగు లేదు. తాత తెలుగు పంతులు, మనవరాలికి తాత చేతిరాత చదవడం రాదు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

సరే, పాత డబ్బాలో కాస్త తెల్లరంగు మిగిలి ఉంటే, సన్న కుంచె ఇచ్చి, ‘తాత రాసిన గీత మీదే నువ్వూ గీయి’ అన్నాను. ముందు ‘గు’, తర్వాత ‘లా’, తర్వాత ‘బి’. గీస్తూ గీస్తూ పైకి పలికింది. మూడక్షరాలకు అరగంట పట్టింది. ముక్కుకూ రంగు అంటింది. రెండో రేకుకు వచ్చేసరికి ‘మామిడిలో మొదటిదీ రెండోదీ చుట్టాలు కదా అవ్వా, ఒకటి తలకు కొమ్ము, ఒకటి తలకు టోపీ’ అంది. మా వారు ఉంటే ఆ రోజుకు అన్నం కూడా అడిగేవారు కారు.

ఎనిమిదింటికి అబ్బాయి పిల్లల్ని తీసుకుని ఉళవర్ సందైకి బయల్దేరితే నేనూ వెళ్ళాను. ఆంధ్రలో రైతు బజార్లు వచ్చిన 1999లోనే ఇక్కడా ఈ రైతుల సంతలు మొదలయ్యాయి. పండించినవాడే ఎదురుగా కూర్చుని అమ్ముతాడు. నాకు అక్కడ కూరగాయల కంటే మాటలే ఎక్కువ ఇష్టం. ఒకామె ధర తమిళంలో చెప్పి, కొసరు కన్నడంలో వేసి, పక్కామెతో తెలుగులో పోట్లాడుతుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1956లో రాష్ట్రాలన్నీ మళ్ళీ పంచుకున్నారు. హోసూరు తాలూకా మాత్రం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సంతలో కూర్చున్న ఆ తల్లికి ఆ పంపకాలతో పనిలేదు, మూడు భాషల్లోనూ బేరం కుదిరితే చాలు.

మా మనవడు సంతలో మామిడికాయ చూపించి ‘కిళిమూకు’ అన్నాడు. అవును మరి, తమిళంలో చిలకముక్కు అని దాని పేరు. కన్నడం వాళ్ళు గిణిమూతి అంటారు, అదీ అదే అర్థం. తోతాపురిలో ఉన్న తోతా కూడా చిలకే. కోస్తా జిల్లాల చుట్టాలు వస్తే ‘ఇది మా కలెక్టరు కాయే కదండీ’ అంటారు. ఒక్క కాయకు ఇన్ని పేర్లు! చిలకముక్కు చూడని కళ్ళు ఎక్కడా లేవన్నమాట.

మధ్యాహ్నం రాగిసంగటి, మామిడికాయ పప్పు, వేయించిన వడియాలు. కోడలు చెట్టునుంచి అప్పుడే కోసిన కాయను ముక్కలు చేసి, ఉప్పూకారం అద్ది పళ్ళెంలో పెట్టింది. పళ్ళు పులిసిపోతున్నాయని ఏడుస్తూనే పిల్లలు మొత్తం ఊడ్చేశారు. అన్నట్టు, కాయ కోసేటప్పుడు తొడిమ వేలెడు ఉంచి కోయాలి. సొన చర్మానికి తగిలితే పొక్కుతుంది. కోశాక తలకిందులుగా ఒక జాము ఉంచితే సొనంతా కారిపోతుంది. ఇది చెబుతుంటే పాప, ‘సొన అంటే?’ అంది. తొడిమ, సొన, జీడి, టెంక అని ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూపించాను. చెట్టు కిందికి తీసుకెళ్ళి పూత, పిందె, కాయ, దోర, పండు అని వరస చెప్పాను. పూత ఇప్పుడు లేదుగా, అది వచ్చే సంక్రాంతి తర్వాత చూద్దువుగాని అన్నాను. తనకు తెలిసిన ఇంగ్లీషులో ఈ అన్నిటికీ మామిడి అనే ఒక్క మాటే ఉందట. ‘మనకే ఎక్కువుండాయి’ అని తమ్ముడితో గొప్పగా చెప్పుకుంది. పుస్తకంలో చదివితే ఈ మాటలు ఎంత కాలం నిలిచేవో తెలియదు. చేతికి సొన అంటుకుని, పొక్కి, కొబ్బరినూనె రాయించుకున్న పిల్ల ‘సొన’ అనే మాటను మరిచిపోదు.

భోజనాలయ్యాక చల్లగా ఉందని చెట్టు కిందే చాప వేసుకున్నాం. అప్పుడు అబ్బాయి ఒక చుట్ట చుట్టిన కాగితం తెచ్చి నా ముందు పరిచాడు.

‘అమా, నువ్వు ఒప్పుకుంటేనే’ అన్నాడు.

పెరట్లో ఒక పోర్షను కట్టే ప్లాను అది. మా ఊరి సంగతి మీకు తెలుసు. 1980లలో అశోక్ లేలాండ్, టైటన్ ఫ్యాక్టరీలు వచ్చినప్పటినుంచి మొదలైన రద్దీ ఇప్పటికీ ఆగలేదు. 2019లో ఊరు కార్పొరేషను కూడా అయింది. చిన్న పోర్షను కట్టి బోర్డు పెడితే వారం తిరక్కుండా ఎవరో ఒకరు అద్దెకు దిగుతారు. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి బాకీ, ఒక్కడి జీతం. వాడు లెక్కలన్నీ చెప్పాడు, నేను అన్నీ విన్నాను. ఒక్క లెక్కలో కూడా తప్పు లేదు. అదే నాకు బాధ అనిపించింది. తప్పుంటే కోప్పడి ఊరుకునేదాన్ని.

ప్లానులో పోర్షను పడమటివైపు ఉంది. అంటే మామిడిచెట్టు ఉండదు. నేను ఆ గీత మీద వేలు పెట్టి, ‘తూర్పుపక్క కట్టకూడదా?’ అని అడిగాను.

‘ఇంజనీరు ఏ పక్కనైనా ఒకటే అన్నాడు’ అని కాసేపు ఆగి, ‘ఆ పక్క నాయన గులాబీలుండాయి కదమా’ అన్నాడు.

నేను వాడి ముఖం చూశాను. పుట్టింటి చెట్టు పోతే అమ్మ ఓర్చుకుంటుంది గాని, నాయన గులాబీలు తీస్తే తట్టుకోలేదని వాడు అనుకున్నాడు. నా కోసమే ఆ గీత అక్కడ గీయించాడు. నాతో అనకుండా ఎన్నాళ్ళు తర్జనభర్జన పడ్డాడో! మనసు కుదుటపడటానికి లేచి వెళ్ళి, సాయంత్రం విచ్చబోయే మల్లెమొగ్గలు ఒడిలోకి కోసుకుని వచ్చాను.

వచ్చి చెప్పాను: ‘ముప్ఫై ఏళ్ళు దాటిన చెట్టును ఇంకోచోట పెట్టలేం రా. పన్నీరు గులాబీకి కొమ్మ చాలు. తూర్పుపక్కే కట్టు. మీ నాయన ఉంటే ముందు కత్తెర పట్టుకునేది ఆయనే.’

వాడేమీ మాట్లాడలేదు. కోడలు మాత్రం, ‘మేడ మీద పిట్టగోడ వెంట పదిహేను కుండీలు పడతాయి అత్తా, నేను కొలిచి చూసినాను’ అంది. అంటే ఈ ఇంట్లో అందరూ ఎవరికి వారే ఆలోచించుకుని, ఎవరూ పైకి అనకుండా కూర్చున్నామన్నమాట!

గులాబీలన్నీ బతుకుతాయని నేను అనుకోవడం లేదు. పన్నీరు గులాబీ ఢోకా లేదు. అంటు కట్టిన పెద్ద రకాలు కొమ్మతో సరిగ్గా రావు. వాటిని వేళ్ళతో సహా తవ్వి చూడాలి, రెండు మూడు పోతాయి. ముదురు ఎరుపుది ఒకటుంది, ఆయన ఆఖరి ఏడాది తెచ్చింది. దాని మీదే నాకు అనుమానం. పోతే పోతుంది. అలా అనుకోవడం ఇంకా నేర్చుకుంటున్నాను.

నాలుగున్నరకు ఆకాశం నల్లబడింది. వేసవిలో పడే ఈ ఉరుముల జల్లుల్నే మామిడి వానలంటారు. ముందు గాలి, దుమ్ము, తర్వాత పెద్ద పెద్ద చినుకులు. ధనధనా కాయలు రాలాయి. పిల్లలు తడుస్తూ ఏరారు. ఎప్పుడూ కేకలేసే వాళ్ళమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. లెక్కపెడితే ముప్ఫై ఒకటి. రాలిన కాయకు దెబ్బ తగిలి ఉంటుంది కాబట్టి ఆవకాయకు వాడకండి, బూజు పడుతుంది. పప్పుకూ పచ్చడికీ వాడుకుని, మిగిలినవి ముక్కలు కోసి ఉప్పు కలిపి ఎండబెడితే ఒరుగులవుతాయి, ఏడాదంతా పులుసుల్లోకి పనికొస్తాయి.

మేం పది ఉంచుకుని మిగతావి ఇరుగుపొరుగుకు పంచాం. మర్నాడు ఎడమ పక్కింటి తమిళం వాళ్ళ దగ్గరనుంచి మాంగాయ్ సాదం వచ్చింది, కుడి పక్కింటి కన్నడం వాళ్ళ దగ్గరనుంచి మావినకాయి చిత్రాన్నం వచ్చింది, మా ఇంట్లో అప్పటికే మామిడికాయ పులిహోర కలిపి ఉంది. మూడు గిన్నెలూ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరిదో చెప్పమంటే మా మనవడు అన్నిటినీ తిని, ‘అన్నీ మనవే’ అన్నాడు.

వాన వెలిశాక మేడ ఎక్కాం. కొండ మీద చంద్రచూడేశ్వరుని గుడి కడిగినట్టు కనిపించింది. మట్టి వాసన, చేతిలో కడుతున్న మల్లెల వాసన కలిసిపోయాయి. పాప పిట్టగోడ వెంట అడుగులేస్తూ కుండీల చోట్లు లెక్కపెట్టింది. తర్వాత కిందికి పరుగెత్తి పొద్దున రంగు వేసిన రేకు తెచ్చి, ‘ఇది కుండీకి కడదాం అవ్వా’ అంది. రంగు ఇంకా సరిగ్గా ఆరలేదు. వానకు ‘లా’ దీర్ఘం కాస్త కారింది. మళ్ళీ వేసుకోవచ్చులే అన్నాను.

ఆడి నెల పోయాక పని మొదలుపెడతారు. ఆలోపు నా పని నేను చేసుకోవాలి. జూన్ జల్లులు పడగానే పన్నీరు గులాబీ కొమ్మలు కోస్తాను. పెన్సిలు లావు, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉండేట్టు. కింద కొన ఏటవాలుగా కోసి, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు లోపలికి గుచ్చి, నీడన పెట్టాలి. చిగురు వచ్చిందని సంబరపడి లాగి చూడకూడదు, వేరు పట్టడానికి ఇంకా రోజులు పడుతుంది. పెరడు లేనివాళ్ళు కూడా ఒక కుండీలో ప్రయత్నించండి. ఇంట్లో పిల్లలుంటే, దాని పేరు రేకు మీద వాళ్ళ చేతనే తెలుగులో రాయించండి. అక్షరాలు వంకర పోయినా ఫరవాలేదు.

నా కొమ్మల్లో ఎన్ని బతికాయో వచ్చే సంచికలో లెక్క చెబుతాను. మీవి కూడా రాయండి. అంతవరకు సెలవు.